తగ్గని నొప్పి: తరచుగా అడిగే ప్రశ్నలు

నెలల తరబడి నొప్పితో ఉన్నవాళ్లు, వాళ్లను చూసుకునేవాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్నలకు జవాబులు ఇక్కడ ఉన్నాయి. ఇవి చదివి సొంతంగా మందులు మొదలుపెట్టడం గానీ, వాడుతున్నవి ఆపేయడం గానీ చేయొద్దు. డాక్టరు దగ్గర ఏం అడగాలో, ఏం చెప్పాలో తెలిస్తే చాలు.

ఎన్నాళ్లుంటే దీర్ఘకాలిక నొప్పి అంటారు?

3 నెలలు దాటితే. అది రోజంతా ఉండాల్సిన పనిలేదు. వస్తూ పోతూ 3 నెలలకు మించి సాగినా అంతే. మామూలుగా బెణుకైనా, విరిగిన ఎముకైనా, ఆపరేషన్ కుట్లైనా ఆ లోపు చాలావరకు మానిపోతాయి. అప్పటికీ నొప్పి ఉందంటే రెండే మాటలు. ఒకటి, లోపల ఇంకా నడుస్తున్న జబ్బేదో ఉంది. రెండు, నొప్పిని మోసే నరాల వ్యవస్థే మారిపోయింది. చాలామందిలో రెండూ కలిసి ఉంటాయి.

2022 జనవరి నుంచి అమల్లోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితాలో దీర్ఘకాలిక నొప్పికి సొంత స్థానం ఇచ్చారు. వేరే జబ్బుకు లక్షణంగా మాత్రమే కాదు, కొందరిలో నొప్పే జబ్బు అని ఒప్పుకున్నారు. "రిపోర్టులన్నీ బాగున్నాయి, నీకేం లేదు" అని చెప్పి పంపించేయడం ఇక కుదరదన్నమాట.

దెబ్బ మానిపోయింది. మరి నొప్పి ఎందుకు పోవట్లేదు?

అసలు విషయమంతా ఈ ప్రశ్నలోనే ఉంది, కాబట్టి కాస్త వివరంగా చూద్దాం.

చర్మంలో, కండరాల్లో, కీళ్లలో ఉండే సన్నటి నరాల కొసలు ప్రమాదాన్ని పసిగట్టి వెన్నుపాముకు కబురు పంపుతాయి. వెన్నుపాము దాన్ని మెదడుకు చేరవేస్తుంది. ఎంత దెబ్బకు అంత నొప్పి అని చాలాకాలం అనుకున్నారు. 1965లో రొనాల్డ్ మెల్జాక్, పాట్రిక్ వాల్ అనే శాస్త్రవేత్తలు గేట్ కంట్రోల్ సిద్ధాంతాన్ని ముందుకు తెచ్చారు. వచ్చిన ప్రతి కబురునూ వెన్నుపాము ఉన్నదున్నట్టు పైకి పంపదనీ, కొన్నింటిని తగ్గిస్తుందనీ, కొన్నింటిని పెంచుతుందనీ చెప్పారు. మోకాలు గుమ్మానికి కొట్టుకోగానే చెయ్యి దానంతటదే అక్కడికి వెళ్లి రుద్దుతుంది, కాస్త హాయిగా అనిపిస్తుంది. రుద్దినప్పటి స్పర్శ కబురు నొప్పి కబురును వెన్నుపాములోనే కొంత అణచివేస్తుంది. మెదడు కూడా పైనుంచి కిందికి ఆదేశాలు పంపి నొప్పిని తగ్గించగలదు, పెంచగలదు.

1983లో క్లిఫర్డ్ వుల్ఫ్ ఎలుకల మీద చేసిన ప్రయోగాల్లో ఇంకో సంగతి బయటపడింది. గాయం తర్వాత వెన్నుపాములోని నరకణాలే అతిగా స్పందించడం మొదలుపెట్టాయి. దీన్ని సెంట్రల్ సెన్సిటైజేషన్ అంటారు. ఒకసారి దొంగ పడ్డ ఇంట్లో కుక్క ఆ తర్వాత ఆకు కదిలినా మొరుగుతుంది కదా, ఈ స్థితిలో నరాలూ అంతే. మామూలు స్పర్శ, కాస్త చలి, కాసేపు కూర్చోవడం కూడా నొప్పిగా మారతాయి. నొప్పి మొదలైన చోటే ఉండక చుట్టుపక్కలకు పాకుతుంది. గాయం మానినా ఈ అతి స్పందన కొందరిలో మిగిలిపోతుంది.

ఎవరిలో మిగులుతుందో ముందే కచ్చితంగా చెప్పలేం. మొదట్లో నొప్పి తీవ్రంగా ఉండి సరిగా తగ్గించకపోవడం, నిద్రలేమి, దిగులు, ఎడతెగని ఒత్తిడి, వంశపారంపర్యం, ఇంతకుముందే వేరేచోట నొప్పి ఉండటం అవకాశాన్ని పెంచుతాయి.

అంటే నా నొప్పి మనసులో పుట్టిందనా మీరనేది?

కాదు. ఈ అనుమానంతోనే చాలామంది డాక్టర్ల మీద నమ్మకం పోగొట్టుకుంటారు, అందుకే తేల్చి చెబుతున్నాను. నొప్పిని తయారుచేసేది నాడీమండలం. అందులో జరిగే మార్పు శరీరంలో జరిగే మార్పే.

1995లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన ఒక ఉదంతం చూడండి. 29 ఏళ్ల భవన నిర్మాణ కార్మికుడు పైనుంచి దూకితే 15 సెంటీమీటర్ల మేకు బూటులోంచి పైకి పొడుచుకొచ్చింది. మేకు ఏమాత్రం కదిలినా ఓర్చుకోలేకపోయాడు. ఫెంటానిల్ అనే బలమైన నొప్పి మందు, మిడజోలామ్ అనే మత్తుమందు ఇచ్చి, మేకు కిందినుంచి లాగి, బూటు విప్పి చూస్తే అది కాలివేళ్ల సందులోంచి వెళ్లింది. పాదానికి గీత కూడా పడలేదు. అతను నటించలేదు. కళ్లు చూసినదాన్ని బట్టి మెదడు ప్రమాదమని తేల్చుకుంది, నొప్పి పుట్టింది. పుట్టిన నొప్పి అసలైన నొప్పే.

దిగులు, భయం నొప్పిని పెంచే మాట నిజం. నొప్పి వల్ల దిగులు పెరిగేదీ నిజమే. రెండింటికీ కలిపి వైద్యం చేస్తారంటే నొప్పి అబద్ధమని అర్థం కాదు.

దీర్ఘకాలిక నొప్పికి ముఖ్యమైన కారణాలేమిటి?

వైద్యులు మూడు రకాలుగా చూస్తారు. ఏ రకమో తెలిస్తేనే ఏ మందు పనిచేస్తుందో తెలుస్తుంది.

మొదటిది ఎముకలు, కీళ్లు, కండరాల్లాంటి కణజాలం దెబ్బతినడం వల్లో, వాపు వల్లో వచ్చేది. మోకాళ్ల అరుగుదల ఈ కోవలోది. రుమటాయిడ్ కీళ్లవాతం కూడా. పొద్దున లేవగానే చేతివేళ్లు, మణికట్లు అరగంటకు మించి బిగుసుకుపోయి ఉంటే దాన్ని అనుమానించాలి, రక్తపరీక్షలు చేయించాలి. తొందరగా మందులు మొదలుపెడితే కీళ్లు వంకర్లు పోకుండా కాపాడుకోవచ్చు. ఇక 40 లోపు వాళ్లలో, నిదానంగా మొదలై, పడుకుంటే పెరిగి, నడిస్తే తగ్గే నడుం నొప్పి ఒకటుంది. తెల్లవారుజామున ఆ నొప్పితోనే మెలకువ వస్తుంది. అది వెన్ను కీళ్లు వాచి బిగుసుకుపోయే యాంకిలోజింగ్ స్పాండిలైటిస్ కావచ్చు. "కంప్యూటర్ ముందు కూర్చోవడం వల్లేలే" అని ఏళ్లు గడిపేసిన కుర్రాళ్లు ఎందరో ఉన్నారు.

రెండోది నరమే దెబ్బతినడం వల్ల వచ్చేది. మంట, కరెంటు షాక్ కొట్టినట్టు, సూదులతో పొడిచినట్టు ఉంటుంది. షుగరు వల్ల పాదాల మంటలు, సర్పి తగ్గాక నెలల తరబడి మిగిలే నొప్పి, వెన్నుపూసల దగ్గర నరం నొక్కుకుని కాల్లోకి దిగే సయాటికా, ముఖంలో మెరుపులా వచ్చే ట్రైజెమినల్ న్యూరాల్జియా ఇవన్నీ ఈ రకం.

మూడోది కణజాలంలో గానీ, నరంలో గానీ తగినంత లోపం కనబడకపోయినా నొప్పి వ్యవస్థ పనితీరే మారడం వల్ల వచ్చేది. ఫైబ్రోమయాల్జియా ఇందులో బాగా తెలిసినది. ఒళ్లంతా నొప్పులు, ఎంత పడుకున్నా తీరని అలసట, మతిమరుపు. ఆడవాళ్లలో ఎక్కువ.

చికున్‌గున్యా సంగతి కూడా చెప్పాలి. 2005-06లో ఆంధ్రప్రదేశ్‌ను అది చుట్టబెట్టినప్పుడు జ్వరం వారంలో పోయినా, కీళ్ల నొప్పులతో నెలల తరబడి మెట్లెక్కలేక పోయినవాళ్లు ఊరూరా ఉన్నారు. ఇప్పటికీ ఆ జ్వరం వచ్చినవాళ్లలో కొందరికి ఇదే పరిస్థితి.

మాది ఫ్లోరైడ్ ప్రాంతం. ఈ నడుం నొప్పులు నీళ్ల వల్లేనా?

కావచ్చు. నల్గొండ జిల్లా మర్రిగూడ, మునుగోడు వైపు వాళ్లకు ఫ్లోరోసిస్ అనే ఈ జబ్బు గురించి ఎవరూ చెప్పనక్కర్లేదు. 1937లోనే ఆనాటి నెల్లూరు జిల్లా పల్లెల్లో దీన్ని గుర్తించారు. లీటరు నీటిలో ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. దాటిన నీళ్లు ఏళ్ల తరబడి తాగితే ఫ్లోరైడ్ ఎముకల్లో చేరుతుంది, వెన్ను చుట్టూ ఉండే స్నాయువుల్లో సున్నం పేరుకుంటుంది. మొదట్లో మామూలు కీళ్లనొప్పుల్లాగే ఉంటుంది. మెడ తిరగకపోవడం, వంగలేకపోవడం తర్వాత వస్తాయి. ముదిరితే వెన్నుపాము నొక్కుకుపోతుంది.

నీళ్లు మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు. నీరు ఆవిరై మిగిలినదాంట్లో ఇంకా చిక్కబడుతుంది. పటిక, సున్నంతో ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతికి నల్గొండ పేరే పెట్టారు. ఎముకల్లో వచ్చిన మార్పును వెనక్కి తిప్పడం కష్టం, కానీ నీళ్లు మార్చుకుంటే ముదరకుండా ఆపొచ్చు. బోరు నీళ్లు తాగుతుంటే పరీక్ష చేయించండి. తాగడానికి ఒక నీళ్లు, వంటకు బోరు నీళ్లు వాడితే లాభం లేదు. అన్నం, పప్పు, టీ ద్వారా కూడా లోపలికి వెళ్తుంది.

ఎమ్మారైలో "ఎల్4-ఎల్5 డిస్క్ బల్జ్" అని వచ్చింది. ఆపరేషన్ తప్పదా?

చాలామందికి అవసరం పడదు. వెన్నుపూసల మధ్య ఉండే మెత్తటి దిండులాంటి డిస్క్ కాస్త ఉబ్బిందని దానర్థం. ఎల్4-ఎల్5 అంటే నడుం దగ్గరి నాలుగో, ఐదో పూసల మధ్య. ఆ రిపోర్టు చూసి భయపడి ఉద్యోగం మానేసిన వాళ్లున్నారు, బిడ్డను ఎత్తుకోవడం మానేసిన తల్లులున్నారు. నొప్పి కంటే ఆ కాగితం చేసిన నష్టం ఎక్కువ.

2015లో ప్రచురితమైన ఒక సమీక్షలో నడుం నొప్పి ఏమాత్రం లేని 3,110 మంది స్కాన్లు పరిశీలించారు. 20 ఏళ్ల వాళ్లలో 30 శాతం మందికి, 50 ఏళ్ల వాళ్లలో 60 శాతం మందికి, 80 ఏళ్ల వాళ్లలో 84 శాతం మందికి డిస్క్ బల్జ్ ఉంది. డిస్క్ అరుగుదల అయితే 20 ఏళ్లకే 37 శాతం, 80కి వచ్చేసరికి 96 శాతం. వయసుతో జుట్టు నెరిసినట్టే ఇవీ వస్తాయి. స్కాన్‌లో కనబడినది మీ నొప్పికి కారణమా కాదా అన్నది మిమ్మల్ని పరీక్షించి తేల్చాల్సిన విషయం. నొప్పి కాల్లో దిగే దారి, తిమ్మిరి ఉన్న చోటు, బలం తగ్గిన కండరం ఇవన్నీ స్కాన్‌లోని లోపంతో సరిపోవాలి. డిస్క్ జారి నరం నొక్కుకున్నా, చాలామందికి కొన్ని వారాల నుంచి కొన్ని నెలల్లో ఆపరేషన్ లేకుండానే తగ్గుతుంది.

మరి ఎప్పుడు వెంటనే వెళ్లాలి?

మూత్రం ఆగిపోయినా, తెలియకుండా పోతున్నా, మలవిసర్జన మీద అదుపు తప్పినా, కూర్చునేచోట తిమ్మిరెక్కినా, కాళ్లలో బలం పడిపోతున్నా అర్ధరాత్రయినా అత్యవసర విభాగానికే వెళ్లాలి. ఆలస్యమైతే ఆ నష్టం శాశ్వతంగా మిగిలిపోవచ్చు.

నడుం నొప్పితోపాటు సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం, ఆకలి లేకపోవడం ఉంటే వెన్నుపూసకు టీబీ కావచ్చు. టీబీ అంటే ఊపిరితిత్తులకే అనుకుంటాం గానీ, మన దేశంలో వెన్నుకు వచ్చే టీబీ అరుదేం కాదు. దగ్గు ఉండకపోవచ్చు. ప్రభుత్వాసుపత్రుల్లో మందులు ఉచితం. ఇంతకుముందు క్యాన్సర్ వచ్చినవాళ్లకు కొత్తగా ఎముక నొప్పి మొదలైనా, పెద్దవయసులో చిన్నపాటి జారిపాటుకే నొప్పి తీవ్రంగా వచ్చినా పరీక్షలు వాయిదా వేయొద్దు.

షుగరు ఉంది. రాత్రిళ్లు అరికాళ్లు మండిపోతాయి. ఎందుకు?

రక్తంలో చక్కెర ఏళ్ల తరబడి ఎక్కువగా ఉంటే ముందు దెబ్బతినేవి పొడవాటి నరాల చివర్లే. అందుకే వేళ్ల దగ్గర మొదలై పైకి పాకుతుంది. రెండు కాళ్లకూ ఒకేలా ఉంటుంది, రాత్రి పెరుగుతుంది. దుప్పటి తగిలినా ఓర్చుకోలేమంటారు. అదే పాదంలో చెప్పు జారిపోయినా తెలియదు, రాయి గుచ్చుకున్నా తెలియదు. మంటా మొద్దుబారడమూ కలిసే ఉంటాయి. రోజూ రాత్రి అరికాళ్లు చూసుకోవాలి. వంగలేకపోతే నేలమీద అద్దం పెట్టుకుని చూసుకోండి.

చాలామందికి ఎవరూ చెప్పని మాట ఇంకొకటి. షుగరుకు ఇచ్చే మెట్‌ఫార్మిన్ మాత్ర ఏళ్ల తరబడి వాడితే విటమిన్ బీ12 తగ్గవచ్చు, అది కూడా ఇలాంటి మంటలే తెస్తుంది. శాకాహారుల్లో ఈ అవకాశం ఇంకా ఎక్కువ. పరీక్ష చేయించి, తక్కువగా ఉంటే భర్తీ చేసుకోవచ్చు. మెట్‌ఫార్మిన్ మాత్రం సొంతంగా ఆపకండి.

పొత్తికడుపు నొప్పి, నడుం నొప్పి ఉన్నాయి. గర్భసంచి తీయించుకుంటే పోతాయా?

ఈ ప్రశ్న మన రెండు రాష్ట్రాల్లో అడిగినంతగా ఇంకెక్కడా అడగరేమో. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల్లో గర్భసంచి తీయించుకున్న స్త్రీల శాతం ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ముందు వరుసలో ఉన్నాయి. పిల్లలు పుట్టేశారు, ఇక ఆ సంచితో పనేముంది అన్న మాట విని 30 ఏళ్లు నిండగానే తీయించేసుకున్న అక్కచెల్లెళ్లు ఎందరో. ఇది నాకు బాధగా ఉండే విషయం, ఎందుకంటే వాళ్లలో చాలామందికి నొప్పి అలాగే ఉంది.

కారణం ఉంది. రోజంతా వంగి నాట్లేసిన నడుం నొప్పికీ గర్భసంచికీ సంబంధం లేదు. పొత్తికడుపు నొప్పి మూత్రాశయం నుంచి, పేగుల నుంచి, కటి కండరాల నుంచి కూడా రావచ్చు. నెలసరికి ముందే మొదలై, మందుబిళ్లకు లొంగక, కలయికలో కూడా నొప్పిగా ఉంటే ఎండోమెట్రియోసిస్ కావచ్చు. అందులో గర్భసంచి లోపలి పొరలాంటి కణజాలం బయట పెరుగుతుంది, కాబట్టి సంచి ఒక్కటే తీస్తే సరిపోకపోవచ్చు. పైగా అండాశయాలు కూడా తీసేస్తే ముట్లుడగడం ముందే వచ్చి ఎముకలు గుల్లబారతాయి. నడుం నొప్పికని చేయించుకున్న ఆపరేషన్ వల్ల పదేళ్లకు ఇంకో నడుం నొప్పి మొదలవుతుంది. ఆపరేషన్ తప్పనిసరైన సందర్భాలు ఉన్నాయి, కాదనను. ఇంకో గైనకాలజిస్టును కూడా అడిగాకే ఒప్పుకోండి.

రోజూ నొప్పి మాత్ర వేసుకుంటేనే పనిచేసుకోగలుగుతున్నాను. పర్వాలేదా?

పర్వా ఉంది. డైక్లోఫెనాక్, అసెక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి నెలల తరబడి వాడితే కడుపులో పుండ్లు, రక్తస్రావం, బీపీ పెరగడం, కిడ్నీలు దెబ్బతినడం జరుగుతాయి. మేనెల ఎండలో చెమటోడ్చి పనిచేస్తూ, సరిగా నీళ్లు తాగకుండా, బీపీ మందుతోపాటు ఇవి కూడా వేసుకునేవాళ్లకు కిడ్నీల ముప్పు ఇంకా ఎక్కువ. ఉద్దానంలాగా కిడ్నీ జబ్బులు విస్తరించిన చోట ఉండేవాళ్లు మందుల షాపులో అడిగి ఇవి కొనుక్కోనే కూడదు.

తలనొప్పికి ఇంకో చిక్కు. నెలలో 15 రోజులు, అంతకు మించి మామూలు నొప్పి మాత్రలు వేసుకుంటూ పోతే ఆ మాత్రలే తలనొప్పిని తెచ్చిపెడతాయి.

అన్నిటికంటే జాగ్రత్త పడాల్సింది, ఒక్క సూదితోనో, పేరులేని పొట్లంలోని పొడితోనో రాత్రికి రాత్రి నొప్పి మాయమైనప్పుడు. అందులో స్టెరాయిడ్ ఉండే అవకాశం ఉంది. కొన్నాళ్లకు ముఖం ఉబ్బుతుంది, షుగరు పెరుగుతుంది, తుంటి ఎముకకు రక్తం అందక అది కుంగిపోవచ్చు. ఏళ్లుగా వాడుతుంటే ఒక్కసారిగా ఆపినా ప్రమాదమే. ఆ పొట్లాన్నే తీసుకెళ్లి డాక్టరుకు చూపించండి.

నొప్పికి వెళ్తే డిప్రెషన్ మందు రాశారు. నాకు పిచ్చి అనుకున్నారా?

లేదు. అమిట్రిప్టిలిన్, డులోక్సెటిన్ అనే మందులు మెదడు నుంచి వెన్నుపాముకు దిగే నొప్పి అణచే ఆదేశాలను బలపరుస్తాయి. నరాల నొప్పికి అమిట్రిప్టిలిన్‌ను డిప్రెషన్‌కు వాడేదానికంటే బాగా తక్కువ మోతాదులో ఇస్తారు. గాబాపెంటిన్, ప్రీగాబాలిన్ మూర్ఛకని వచ్చిన మందులు, అవీ నరాల నొప్పికి వాడతారు. ఇవి ఒక్క పూటలో పనిచేయవు, కొన్ని వారాలు పడుతుంది. మూడు రోజులు వేసుకుని "పనిచేయలేదు" అని పారేసేవాళ్లే ఎక్కువ. మొదట్లో మగత, నోరు ఎండిపోవడం ఉంటే డాక్టరుకు చెప్పి మోతాదు సర్దుకోవచ్చు.

విశ్రాంతి తీసుకోవాలా, కదలాలా?

కదలాలి. అయితే పద్ధతిగా.

ఒక ఇల్లాలి సంగతి ఊహించండి. సంక్రాంతికి ముందు నొప్పి కాస్త తగ్గిందని ఒక్కరోజులో ఇల్లంతా దులిపి, అటకమీది సామానంతా దించి, కడిగి ఆరబెట్టింది. మర్నాటి నుంచి మంచం దిగలేదు. మళ్లీ తగ్గగానే మళ్లీ అంతే. ఇలా జరిగిన ప్రతిసారీ పడుకునే రోజులు పెరుగుతాయి, కండరాలు నీరసిస్తాయి, నడుం వంచాలంటేనే భయం పట్టుకుంటుంది.

దీనికి విరుగుడు, నొప్పిని బట్టి కాకుండా గడియారాన్ని బట్టి పనిచేయడం. పొయ్యి దగ్గర నిలబడితే 20 నిమిషాలకు నొప్పి పెరుగుతుందనుకుందాం. 15 నిమిషాలకే ఆపి, కుర్చీలో కూర్చుని కూరగాయలు తరుక్కోవాలి. తర్వాత మళ్లీ 15 నిమిషాలు. నొప్పి లేని రోజు కూడా అంతే, ఎక్కువ చేయకూడదు. అసలు కష్టం ఇదే. వారానికి రెండేసి నిమిషాలు పెంచుకుంటూ పోతే నరాలు కదలికకు మళ్లీ అలవాటు పడతాయి. నడకైనా, ఈతైనా, యోగా అయినా, ఫిజియోథెరపిస్టు చెప్పిన వ్యాయామమైనా ఇదే లెక్క. కొత్తగా మొదలుపెట్టినప్పుడు నొప్పి కొంచెం పెరిగి మర్నాటికి సర్దుకుంటే భయపడక్కర్లేదు. రెండు మూడు రోజులు లేవలేకపోతే మోతాదు ఎక్కువైందని అర్థం.

మోకాళ్ల అరుగుదలకైతే తొడ ముందు కండరాన్ని బలపరిచే వ్యాయామం, బరువు ఉన్నవాళ్లు బరువు తగ్గడం మొదటి వైద్యం. మాత్రలు ఆ తర్వాతే.

నిద్రకూ నొప్పికీ సంబంధం ఉందా?

చాలా. నిద్ర చెడిన మర్నాడు అదే నొప్పి ఎక్కువగా తెలుస్తుంది. గురకపెట్టి మధ్యమధ్య ఊపిరి ఆగినట్టయ్యేవాళ్లు ఆ సంగతి కూడా డాక్టరుకు చెప్పాలి.

డాక్టరుకు నొప్పి గురించి ఎలా చెప్పాలి?

"ఒళ్లంతా నొప్పులండీ" అంటే ఎవరికీ ఏమీ తెలియదు. మంటా, పోటా, సలుపా, లాగుడా, తిమ్మిరా చెప్పండి. ఎప్పుడు మొదలైంది, ఏ పని చేస్తే పెరుగుతుంది, పొద్దున ఎక్కువా రాత్రి ఎక్కువా, నిద్రలోంచి లేపుతుందా అన్నవి ముఖ్యం. వాడిన మందులన్నీ, ఊళ్లో వేయించుకున్న ఇంజెక్షన్లతో సహా, దాచకుండా చెప్పండి. "పదికి ఎంత నొప్పి" అన్న ప్రశ్న కంటే "దీనివల్ల ఏం చేయలేకపోతున్నారు" అన్నదానికి జవాబు ఎక్కువ ఉపయోగపడుతుంది. గుడి మెట్లెక్కలేకపోతున్నాను, బస్సులో గంట కూర్చోలేను అని చెబితే వైద్యం లక్ష్యం కూడా అక్కడే దొరుకుతుంది. నొప్పి సున్నా కాకపోయినా, మూడు నెలల్లో ఆ మెట్లెక్కగలగడం సాధ్యమయ్యే లక్ష్యం.

క్యాన్సర్ నొప్పికి మార్ఫిన్ ఇస్తామన్నారు. అలవాటైపోతుందని భయంగా ఉంది.

క్యాన్సర్ నొప్పి వేరు, మామూలు నడుం నొప్పి వేరు. నడుం నొప్పికి, ఫైబ్రోమయాల్జియాకు మార్ఫిన్ లాంటి మందులు దీర్ఘకాలం వాడటం వల్ల మేలు కంటే కీడు ఎక్కువ. మార్ఫిన్ కోవకే చెందిన ట్రమడాల్‌ను 2018లో మాదకద్రవ్యాల చట్టం కిందికి తెచ్చారు. క్యాన్సర్ నొప్పి తీవ్రంగా ఉన్నప్పుడు మాత్రం డాక్టరు పర్యవేక్షణలో మార్ఫిన్ మాత్రలు సరైన వైద్యం. వాటి గురించిన భయంతోనే ఎంతోమంది చివరి నెలలు అరుపులతో గడిపారు. మలబద్ధకం తప్పక వస్తుంది కాబట్టి దానికి మందు కూడా మొదటినుంచే ఇవ్వాలి. హైదరాబాద్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో ఇలాంటివాళ్లకోసం పాలియేటివ్ కేర్ విభాగం, అంటే నొప్పి, బాధ తగ్గించి ఉపశమనం ఇచ్చే విభాగం ఉంది.

ఇంట్లోవాళ్లం ఏం చేయాలి?

నమ్మండి. "నిన్న పెళ్లికి బాగానే వచ్చావుగా" అనకండి, పెళ్లికి వచ్చినందుకు ఇవాళ పడుకుని ఉండొచ్చు. అలాగని చేతిలో పనంతా లాక్కోవద్దు. అమ్మ కూరగాయలు తరుగుతానంటే తరగనివ్వండి, బిందె మాత్రం మీరు ఎత్తండి. గంటకోసారి "నొప్పి ఎలా ఉంది" అని అడిగితే ధ్యాసంతా దానిమీదే ఉంటుంది, దానికి బదులు సాయంత్రం కాసేపు కలిసి నడవండి. చనిపోవాలనుందని వాళ్లు ఎప్పుడైనా అంటే మాటవరసకన్నారని వదిలేయకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలీమానస్ నంబరు 14416కు ఫోన్ చేస్తే పగలైనా రాత్రైనా తెలుగులో మాట్లాడొచ్చు.